చిన్న కారు వెనక పడకపెట్టె

ఇంజిను ఎంత అని అడుగుతారు అందరూ. ఆగుతుందా అని ఒక్కడూ అడగడు. చిన్న కారు క్యారవాన్ లాగగలదా అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. నలభై ఏళ్లు రబ్బరు తోటలో ట్రాక్టరు నడిపినవాణ్ని, ఆ కోపానికి నాకు హక్కుందనే అనుకుంటాను. ఈ విషయంలో అందరికంటే పెద్ద తప్పు నేనే చేశాను కాబట్టి అది కూడా దాచకుండా రాస్తాను.

నా భార్యకు నిరుడు వెన్నుకు ఆపరేషన్ అయింది. నడుస్తుంది, నిలబడుతుంది, నాతో పోట్లాడుతుంది. కూర్చోవడం ఒక్కటే చేతకాదు. అరగంట దాటితే కాళ్లు చాపి వెల్లకిలా పడుకోవాల్సిందే. మా చిన్న కారు వెనక సీట్లో ఆవిడ కాళ్లు చాచే చోటు లేదు. మేముండేది మలేసియాలో, క్లాంగ్‌లో. ఆవిడకు మిగిలిన తోబుట్టువు ఒక్క అక్క, ఉండేది హుటాన్ మెలింటాంగ్‌లో, నది సముద్రంలో కలిసే చోట చేపలు పట్టేవాళ్ల ఊరు. ఇద్దరూ కలుసుకుని నాలుగేళ్లు దాటింది. రెండేళ్లుగా అక్కగారికి చెవులు బాగా మందగించాయి. ఫోన్లో ఇక్కణ్ణించి ఈవిడ అరుస్తుంది, అక్కణ్ణించి ఆవిడ ‘ఎవులు? ఎవులు?’ అంటుంది. చివరికి ఇద్దరూ ఏడ్చి ఫోను పెట్టేస్తారు. ఆ ఫోను చప్పుడు వింటూ పక్కగదిలో కూర్చోవడం నావల్ల కాలేదు.

వ్యాను మాట్లాడి పడుకోబెట్టి తీసుకెళ్దామని అడిగాను. ఒప్పుకోలేదు.

“శవాన్ని దించినట్టు దించుతారేటి మా అప్ప గుమ్మంలో? నా కాళ్లమీద నాను దిగుతాను. లేపోతే ఎల్లను” అంది.

మా మనవరాలు సైబర్‌జయలో కంప్యూటర్ కంపెనీలో పని చేస్తుంది. మా చర్చికి వచ్చే ఒకాయన దగ్గర ఒక పాత క్యారవాన్ ఊరికే పడి ఉంటే అది కొనేసింది. క్యారవాన్ అంటే పెద్ద ఇల్లనుకునేరు. రెండు చక్రాల మీద ఒక పెట్టె. లోపల ఇద్దరు ఇరుక్కుని పడుకునే పరుపు, దాని కింద ఒక అర తప్ప ఏమీ లేదు. వెనక తలుపు పైకెత్తితే వంటకు ఒక గట్టు. అరగంటకోసారి కారాపి, ముసలమ్మను దింపి, ఆ పరుపు మీద పడుకోబెట్టి, లేచాక మళ్లీ బయలుదేరడం ఆ పిల్ల ఆలోచన. నా భార్య ఆ పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, పరుపు నొక్కి చూసి, సరే అంది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ సరే అన్న మొదటి సంగతి ఇదే.

ఇక ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక టీ దగ్గర మొదలైంది. పదమూడువందల సీసీ కారు ఎలా లాగుతుందని ఒకడు. వాళ్ల బావమరిది పడవనే లాక్కెళ్లాడని ఇంకొకడు. ముసలమ్మను లోపల పడుకోబెట్టే తీసుకెళ్లిపోవచ్చు కదా అని మూడోవాడు. కదిలే క్యారవాన్‌లో మనిషి ఉండకూడదు, చట్టం ఒప్పుకోదు, చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. పెట్టె బరువెంత అని వాళ్లలో ఒక్కరు అడిగితే ఒట్టు. బరువు తెలియకుండా లాగుతుందనీ లాగదనీ ఎలా చెబుతారు? కారు కొనడానికి చూపించిన శ్రద్ధలో పిసరంతైనా దాంతోపాటు ఇచ్చిన పుస్తకం చదవడానికి చూపించరు మనవాళ్లు.

నేను చదువుతాను. బడిలో మూడో తరగతితో ఆగిపోయినవాణ్ని. ట్రాక్టరు షెడ్డులో నూనె మరకలు పడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటుండేది, అది ముందేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కొక్క మాటా పోగుచేసుకున్నాను. అప్పటి గుమాస్తా నన్ను చూసి నవ్వేవాడు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. సరే, మా కారు పుస్తకంలో స్పష్టంగానే ఉంది: సొంత బ్రేకు లేని బండైతే నాలుగువందల కిలోల దాకా లాగవచ్చు, అంతకు మించి కూడదు. పాత ఇనుము కొనే కొట్టువాళ్ల తూకం మీదికి ఎక్కించి చూస్తే మా పెట్టె సామానుతో కలిపి మూడువందల అరవై తూగింది. హద్దుకు లోపలే. లాగడానికి కారు వెనక హుక్కు బిగించాక తనిఖీ, కాగితాలు మా మనవరాలు చూసుకుంది. అవి లేకుండా రోడ్డెక్కడానికి లేదు.

సామాను సర్దే పని నేను తీసుకున్నాను. ట్రాక్టరు తొట్టికి బరువంతా వెనక వేసేవాళ్లం. దించడం సులువు, ముందు చక్రాలు తేలిగ్గా తిరుగుతాయి, ముందున్న ఇనపకడ్డీని ట్రాక్టరుకు ఒక్క మనిషి తగిలించేయవచ్చు. నలభై ఏళ్ల అలవాటు. ఆ లెక్కనే నీళ్ల డబ్బాలు, గ్యాసు బండ, బియ్యం, నా భార్య అక్కకోసం పట్టిన ఊరగాయ జాడీలు, మడతకుర్చీ, అన్నీ వెనక వంటగట్టులో కుక్కాను. చిన్న కారు కదా, దాని నడుం మీద భారం పడకూడదని పైగా ఒక జాలి. తర్వాత పెట్టె ముందున్న కడ్డీని ఒంటిచేత్తో ఎత్తి మనవరాలికి చూపించాను.

“సూసినావా, కారు మీద బరువే లేదు” అన్నాను.

ఆ పిల్ల ఫోను తీసి ఏదో వెతకసాగింది.

సైబర్‌జయ రోడ్లు వెడల్పు, ఆదివారం మధ్యాహ్నం ఖాళీ. అక్కడిదాకా మెల్లగా తీసుకెళ్లి నడిపి చూశాం. ఆ పిల్ల స్టీరింగు దగ్గర, నేను పక్కన. యాభై దాకా బాగానే ఉంది. డెబ్బై దగ్గరకొచ్చేసరికి వెనక నుంచి ఎవరో కారు తోక పట్టుకుని ఇటూ అటూ ఊపినట్టయింది. అద్దంలో చూస్తే మా పెట్టె ఒకసారి ఎడమవైపు కనిపిస్తుంది, ఒకసారి కుడివైపు కనిపిస్తుంది. బ్రేకు, బ్రేకు అని అరిచాను. ఆ పిల్ల బ్రేకు తొక్కలేదు. కాలు యాక్సిలరేటరు మీంచి తీసేసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని కూర్చుంది. వేగం దానంతటదే తగ్గి, ఊపు చచ్చి, రోడ్డు పక్కన ఆగాం.

ఆ పిల్ల ఇంజిను ఆపి నావైపు తిరిగింది.

“తాతా, నువ్వు బ్రేక్ అన్నావు. నేను వినలేదు లా” అంది. ఆ ‘లా’ ఇక్కడి పిల్లలు మాట చివర అతికించేది.

బ్రేకు తొక్కి ఉంటే పెట్టె మమ్మల్ని అడ్డంగా తిప్పేసేదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. తెలిసి కూడా ఒప్పుకోలేదు. పెట్టెకు ముందువైపు బరువుండాలని ఫోన్లో ఎవరో రాసింది ఆ పిల్ల చూపించబోయింది. అలా రాసేవాళ్లు జన్మలో తొట్టి లాగారా అని కసిరాను. అది మరో సిగ్గుచేటు.

యాభై దాటకుండా మెల్లగా ఇంటికొచ్చాం. నా లెక్క ఎక్కడ తప్పింది? వరండాలో కూర్చుని ఆ పెట్టెకేసి చూస్తుంటే, ఇన్నాళ్లూ గుర్తురాని మా నాన్న ఎద్దుబండి గుర్తొచ్చింది. ట్రాక్టర్లు రాకముందు తోటలో రబ్బరు షీట్లు ఎద్దుబండి మీదే పోయేవి. బండి నింపేటప్పుడు మా నాన్న ఆఖరి మూట ఎప్పుడూ చక్రాలకు కాస్త ముందుకు జరిపేవాడు. కాడి ఎద్దు మెడ మీద కూర్చోవాలనేవాడు. వెనక బరువైతే కాడి పైకి తేలుతుంది, ఎద్దు కాళ్లకు పట్టు పోతుంది, బండి దాన్ని ఆడిస్తుంది. నా ట్రాక్టరు తొట్టికి నాలుగు చక్రాలు. ముందు చక్రాలే దాని ముక్కు మోసుకునేవి. ఈ పెట్టెకు రెండే. ఇది తొట్టి కాదు, బండి! నలభై ఏళ్ల అనుభవం అని ఊరంతా చెప్పుకుని తిరిగినవాణ్ని, చక్రాలు లెక్కపెట్టడం మరిచిపోయాను.

మర్నాడు స్నానాలగది ముందుండే బరువు చూసుకునే మిషను తెచ్చి, చెక్కదిమ్మ పేర్చి, కడ్డీ ముక్కు దాని మీద ఆనించాను. ఏడు కిలోలు చూపించింది. నీళ్లు, గ్యాసు, జాడీలు అన్నీ చక్రాలకు ముందుకు తెచ్చి, పరుపు కింద అరలో కదలకుండా కట్టాను. ఇప్పుడు ముప్పై. కారు హుక్కు మోయగలిగినదానికి లోపలే, మొత్తం బరువుకు తగినంత. కారు వెనక టైర్లలో గాలి పుస్తకంలో చెప్పినంత పట్టించాను. మనవరాలికి ఫోను చేసి, నాదే తప్పని చెప్పాను. ఆ మాట పలకడానికి పట్టినంతసేపు ఇంతకుముందు ఏ ఇంగ్లీషు మాటకూ పట్టలేదు. మళ్లీ నడిపి చూశాం. ఎనభైలో కూడా పెట్టె మా వెనకే బుద్ధిగా వచ్చింది. అయినా దారిలో డెబ్బై దాటకూడదని ఆ పిల్లే నియమం పెట్టింది.

క్లాంగ్ నుంచి హుటాన్ మెలింటాంగ్‌కు సముద్రం పక్కనే దారి, బల్లపరుపు నేల. కొండల మీదికైతే ఈ ఇంజినును నమ్మి బయలుదేరేవాణ్ని కాదు, ఎవరినీ బయలుదేరమనను. ఆ దారిలో కొండలంటే వంతెనలే. పొద్దున ఎండెక్కాక బయలుదేరాం. కువాలా సెలాంగూర్ దగ్గర ఒక ఆపు, సెకించాన్ వరిచేల పక్కన ఒక ఆపు, సబాక్ బెర్నాంలో ఒకటి, మధ్యలో ఇంకో రెండు. ప్రతిచోటా నా భార్య తనంతట తను దిగి, పెట్టెలోకి ఎక్కి, తలుపు తెరిచి ఉంచి ఇరవై నిమిషాలు పడుకుంది. సెకించాన్‌లో పడుకుని పచ్చటి చేలు చూస్తూ, ఇంకాసేపుందామని తనే అడిగింది. రెండు గంటల దారికి ఐదు గంటలు పట్టింది. మా వెనక హారను కొట్టిన ప్రతి కారుకూ నేను చేత్తో సమాధానం చెప్పాను. ఏ సైగ అని అడక్కండి.

అసలు పరీక్ష ఆఖరి వంతెన మీద. మరమ్మతు జరుగుతోంది, ఒక్క వరసే వదులుతున్నారు. సరిగ్గా ఎక్కుడులో ఆగిపోయాం. ఆగినచోటు నుంచి, వాలులో, ఇంత భారంతో చిన్న ఇంజిను మళ్లీ కదలాలి. వెనక్కి జారితే పెట్టె వంకర తిరుగుతుంది. వెనక చూస్తే ఒక లారీ మా పెట్టెకు ముక్కు ఆనించేటంత దగ్గర. నేను దిగి ఎండలో వెనక్కి నడిచి, లారీ అద్దం దగ్గర నిలబడి చెయ్యెత్తాను. తిడదామనే వెళ్లాను. డ్రైవరు కుర్రాడు మా కారు చూశాడు, నన్ను చూశాడు, “సరే పాక్‌చిక్” అని, అంటే బాబాయ్ అని మలయ్‌లో అని, వెనకున్నవాళ్లకు దీపాలు వెలిగించి, ఇంకో రెండు బండ్లు పట్టేంత వెనక్కి జరిగాడు. తిట్లు నాలోనే ఉండిపోయాయి.

ముందు వరస కదిలింది. మనవరాలు ఏసీ ఆపేసి, చిన్న గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు మెల్లగా వదిలింది. కారు వణికింది. పెట్టె కిర్రుమంది. జానెడు, బారెడు, తర్వాత కదిలింది. కదిలాక ఆ వాలులో మళ్లీ ఆపకూడదు. ఆపలేదు. నన్ను ఎక్కించుకోకుండానే వంతెన మీదకు పోయింది. నేను వంతెనంతా నడిచి దాటాను. అవతల గట్టున కారు ఆగి ఉంది, తలుపు తీసుకుని కూర్చున్న నా భార్య నన్ను చూసి నవ్వుతోంది. పొట్ట పట్టుకుని, వెన్ను నొప్పి అంటూ నవ్వుతోంది.

“ఏటయ్యా, బండి లాక్కొచ్చినట్టు వగరుస్తున్నావు” అంది.

ఆ నవ్వు విని ఏడాది అయింది. నేను కోపం నటించాను కాని కుదరలేదు.

మా వదినకు కారు చప్పుడు వినపడలేదు. కిటికీ దగ్గర కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. నా భార్య కారు దిగి, గేటు నుంచి గుమ్మం దాకా ఎవరినీ పట్టుకోకుండా నడిచి వెళ్లి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడ తలెత్తి చెల్లెల్ని చాలాసేపు చూసింది. తర్వాత మా వెనకున్న పెట్టెను చూసింది.

“మరిదీ, ఈ సిన్న కారుకి ఆ డబ్బా కట్టి క్లాంగ్ నుంచి లాక్కొచ్చినారేటి? బుద్ధుందా?” అంది, చెవిటివాళ్లు మాట్లాడేటంత గట్టిగా.

ఉందని చెప్పడానికి నా దగ్గర చాలా వివరాలున్నాయి. వినపడదు కదా. తల ఊపాను.

నా భార్యకు పడుకునే వేళైంది. అక్కను చేయిపట్టుకుని పెట్టె దగ్గరకు తీసుకెళ్లింది. ఇద్దరూ మెల్లగా ఎక్కి ఆ పరుపు మీద పక్కపక్కన పడుకున్నారు. ఇరుకు పరుపు, ఒకే తలగడ. నా భార్య తల పక్కకు తిప్పి అక్క చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టింది. అరవడం లేదు. మామూలు గొంతు. అక్కగారు “ఊఁ... ఊఁ... మరప్పుడేటన్నాడు?” అంటోంది. రెండేళ్లుగా ఫోన్లో వినపడని మాటలన్నీ వినపడుతున్నాయి.

మనవరాలు నా దగ్గరకొచ్చి, రేపు ఏ వేళకు బయలుదేరాలని అడిగింది. నేను పెట్టె వైపు చూపించాను. కాసేపు విని, ఫోను తీసి, ఇంకో రెండు రోజులు సెలవు కావాలని ఆఫీసుకు రాసింది.