బటన్ నొక్కక్కర్లేని చలి

డయాలిసిస్ మంచం మీద మా తమ్ముడు ఎడమ చెయ్యి కదపకూడదు. లావుపాటి సూదులు అందులోనే ఉంటాయి. మిగిలిన కుడిచేత్తో ఫోన్ పట్టుకుని బొటనవేలితో గేమ్ ఆడేవాడు. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉండే గేమ్. అందులో వాడు మంచు మంత్రగాడు. బయట మార్కాపురం ఎండకి రోడ్డు మీద తారు కరుగుతుంటే, వీడు లోపల దుప్పటి కప్పుకుని మంచు కురిపించేవాడు.

నేను పక్కన స్టూల్ మీద కూర్చుని అడక్కపోయినా సలహాలు ఇచ్చేవాణ్ణి. లెవెల్ పెరిగినప్పుడల్లా ఒక పాయింట్ వస్తుంది. దాన్ని ఏదో ఒక మంత్రానికి పెట్టుకోవాలి. మంచు తుఫాను, మంచు బల్లెం లాంటివి బోలెడున్నాయి. వాడు మాత్రం వచ్చిన ప్రతి పాయింటూ ఒకే పాసివ్ స్కిల్‌లో పోసేవాడు. దానికి బటన్ ఉండదు. మంత్రగాడు ఊరికే నిలబడి ఉన్నా చుట్టూ చలి దానంతటదే కమ్ముకుంటుంది. దగ్గరికొచ్చిన రాక్షసుడి నడక మందగిస్తుంది. అంతే.

"ఏందిరా ఈ చేతగాని మంత్రం? ఒక్కణ్ణన్నా చంపదు గదా," అన్నాను.

"ఒంటిచేత్తో ఎన్ని బటన్లు నొక్కేదన్నా? అది చంపక్కర్లే. వాణ్ణి లేట్ చేస్తే చాలు. ఈలోపల నా పని నేను చూసుకుంటా."

వాడి పని ఏంటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ తన కిడ్నీ ఇస్తానంది. పరీక్షలన్నీ కుదిరాయి. ఆపరేషన్‌కి పిలుపు వచ్చేదాకా వీడు నిలబడాలి. డయాలిసిస్ జబ్బును నయం చెయ్యదు, కాస్త టైమ్ ఇస్తుంది అని డాక్టరు మొదటే చెప్పేశాడు.

వాడికి అన్నిటికంటే కష్టం దాహం. నీళ్లు కొలిచి ఇవ్వాలి. పెద్దారవీడు దగ్గర మా ఊళ్లో ఎండాకాలం మామూలు మనిషికే నాలుక పిడచగట్టుకుపోతుంది. అమ్మ ఫ్రిజ్‌లోంచి ఒక ఐసుముక్క తీసి వాడి నోట్లో పెట్టేది. వాడు కొరక్కుండా చాలాసేపు బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడు. చూడలేక నేను బయటికి వచ్చేసేవాణ్ణి.

మా వైపు ఏ జబ్బొచ్చినా ముందు వేడి చేసిందంటారు, చలవ చెయ్యాలంటారు. పలకరించడానికి వచ్చేవాళ్లు వట్టి చేతులతో రారు, కొబ్బరిబోండాలు తెస్తారు. వాటిలో పొటాషియం ఎక్కువ, వీడికి అవి విషంతో సమానమని నర్సు గట్టిగా చెప్పింది. వచ్చినవాళ్లందరినీ బతిమాలి, బోండాలు తిప్పి పంపేవాణ్ణి. కొందరికి కోపం కూడా వచ్చింది. వస్తే రానీ అనుకున్నాను.

ఒక ఆదివారం వాడి కోసం ప్రార్థన పెట్టించడానికి అమ్మా నేనూ చర్చికి వెళ్లాం. ఆ వేళకే కంభం నుంచి పెద్దమ్మ వచ్చింది. నన్నూ తమ్ముణ్ణీ చంకనేసుకుని పెంచిన మనిషి. ఎండిపోయిన వాణ్ణి చూసి ఏడ్చి, తెచ్చిన బోండాలు కొట్టించి గ్లాసులో పోసి తాగించింది. తాగకూడదని వాడికి తెలుసు. ఆమెకు వద్దని చెప్పలేకపోయాడో, దాహానికి ఓడిపోయాడో నాకిప్పటికీ తెలియదు. మేమొచ్చేసరికి ఖాళీ బోండాలు గుమ్మం పక్కన పడున్నాయి. వాడు నావైపు చూసి నవ్వాడు. ఆటో పిలిచి మార్కాపురం బయల్దేరాం. దారిలోనే వాడి గుండె ఆగిపోయింది. రక్తంలో పొటాషియం పెరిగిందన్నారు ఆస్పత్రిలో.

కొన్నాళ్లకు వాడి ఫోన్‌లో గేమ్ తెరిచాను. మంత్రగాడు ఒక వంతెన మీద నిలబడి ఉన్నాడు. నేనేమీ నొక్కలేదు. రాక్షసులు వచ్చారు. దగ్గరికి రాగానే నీలంగా మారి కాళ్లీడ్చుకుంటూ నడిచారు. వాళ్లకు చాలాసేపు పట్టింది. కానీ వచ్చారు. మొదటి దెబ్బ పడేలోపే ఫోన్ బోర్లించేశాను.

పెద్దమ్మకు మేమెవరమూ ఏమీ చెప్పలేదు. మొన్న వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది.

"ఆఖరికి నా చేతి నీళ్లు తాగి పోయినాడు నాయనా. గ్లాసు దించకుండా తాగినాడు. ఆ ఒక్క తృప్తి మిగిలింది నాకు," అంది.

లేచి అరవాలనిపించింది. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నా మొహంలోకి చూస్తోంది.

"అవును పెద్దమ్మా," అన్నాను. "ఇష్టంగా తాగినాడు."