మామిడి రసం సీసాలతో మాదాపూర్‌కు

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను కెమిస్టుని. తొంభైల చివర ఒక వేసవిలో మా యజమాని కొత్త ఎంజైము తెప్పించాడు. ఒక రకం బూజు నుంచి తీసిన పొడి అది. కాస్త కలిపితే చిక్కటి గుజ్జు పలచబడి రసం ఎక్కువ దిగుతుంది. మొదటిసారి తీసిన రసాన్ని మేం కొందరం రుచి చూసి, ఒక సీసా హైదరాబాదు ల్యాబుకు పరీక్షకు పంపాం. తర్వాత ఆ ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. "రసంలో బూజు విషం ఉందేమోనని అనుమానం. గుజ్జు, ఎంజైము, రసం విడివిడిగా పంపండి."

అప్పుడు నాకు ఐదో నెల.

కొరియర్‌కివ్వడానికి మనసొప్పలేదు. మూడు సీసాలు థర్మోకోల్ డబ్బాలో ఐసు మధ్య పెట్టుకుని బస్సులో తిరుపతి చేరి, సాయంత్రం రైలెక్కాను. ఎదురు సీటులో కర్నూలులో నర్సుగా చేసే ఒకావిడ. నేను పెరుగన్నం పొట్లం విప్పి మళ్ళీ కట్టేయడం చూసింది.

"తినాల పాపా. నీకు ఆకలి లేకపోయినా లోపల బిడ్డకుంటాది."

రెండు ముద్దలు మింగాను.

ఉదయం కాచిగూడలో దిగి, అమీర్‌పేటలో లాడ్జి తీసుకున్నాను. ఆ రోజుల్లో మాదాపూర్ వెళ్ళేవాళ్ళకు చెప్పే మాట: బస్సులు తక్కువ, ఆటోని రానూ పోనూ మాట్లాడుకోండి. చెక్‌పోస్టు దాటాక అన్నీ బండరాళ్ళే. వాటి మధ్య కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల మేడ. ఎక్కడో రాళ్ళు పేల్చారు, ఆటో అదిరింది. డబ్బాను రెండు చేతులా పట్టుకున్నాను.

"ఏంది మేడం, బంగారం ఉన్నదా దాంట్ల?" అన్నాడు డ్రైవరు.

"మామిడి రసం."

"జ్యూస్ కోసం గింత పరేషానా!"

ల్యాబు ఆ మేడకు ఇవతల చిన్న రెండంతస్తుల ఇల్లు. డాక్టర్ సుజాత గారు సీసాలు తీసుకుని, "రేపు రండి" అన్నారు. రుచి చూసినవాళ్ళలో నేనూ ఉన్నానని చెప్పాను. ఆవిడ నా పొట్ట వైపు చూసి, "పొద్దున్నే వచ్చేయండి" అన్నారు. ఆ రాత్రి లాడ్జిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది, నాకు నిద్ర లేదు.

మర్నాడు చీకటి గదిలోకి తీసుకెళ్ళారు. ఊదారంగు దీపం కింద ఒక గాజు పలక. అంచున అసలు విషం చుక్క నీలంగా మెరుస్తోంది. రసం వరుసలోనూ నీలం!

"కంగారు పడకండి. ఎత్తు చూడండి, విషం పైన, ఇది కింద. మొదటిసారి వాడిన ద్రావకంలో రెండూ ఒకేచోట ఆగాయి, అందుకే భయపడ్డాం. ఈసారి ద్రావకం మార్చి చూశాం. ఈ మెరుపు ఎంజైము కలపని మీ గుజ్జులోనూ ఉందండి. అది మామిడిదే. ఎంజైము వరుసలో మెరుపే లేదు."

"అయితే వాడొచ్చా మేడమ్?"

"ఈ విషం లేదని మాత్రమే చెప్పగలను. ఈ ఎంజైమును ఎలుకలకు తినిపించే పరీక్ష ఇంకా నడుస్తోంది. అది ముగిసేదాకా నాకూ తెలియదు."

బయట ఎస్టీడీ బూత్ నుంచి యజమానికి ఫోన్ చేశాను.

"విషం లేదన్నారు కదమ్మా! సీజను పోతాంది. రేపట్నుంచి వేసేద్దాం."

"ఎలుకల పరీక్ష కాకుండా నేను సంతకం పెట్టను సార్."

"సరే, రా. ఈ ఏడు పాత పద్ధతే," అని ఠక్కున పెట్టేశాడు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ గొంతులో తెలియలేదు.

తిరుగు రైల్లో పక్కన తిరుపతి వెళ్ళే కుటుంబం. కూతురికి చార్మినార్ చూపించారట. ఆ తల్లి నాకు పులిహోర పెట్టి అడిగింది.

"హైదరాబాదులో మీరేం చూశారు?"

చార్మినార్ చూడలేదు, గోల్కొండ చూడలేదు. "ఒక గాజు పలక చూశానమ్మా."

"అందులో ఏముంది?"

"ఏమీ లేదు" అన్నాను. ఆ మాట పైకి అన్నాకే ఏడుపొచ్చింది.