ఎడమ చెయ్యి పైకి లేచేదాకా

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను నాచారంలోని ఒక ఇంజెక్షన్ల కర్మాగారంలో మైక్రోబయాలజీ మేనేజరుగా వేశారు. అంతకు ముందు అదే సంస్థలో మాత్రల విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. మాత్ర కడుపులోకి పోతుంది, ఇంజెక్షన్ నేరుగా రక్తంలో కలుస్తుంది. అందుకని మందును సీసాల్లో నింపే గదిలోకి సూక్ష్మజీవి చొరబడకూడదు. దాన్ని మేము స్టెరైల్ ఏరియా అంటాం. అక్కడి గాలినీ, గోడలనూ, మనుషుల చేతి తొడుగులనూ పరీక్షించి, ఆ రోజు నింపిన మందు బయటికి పోవచ్చో లేదో తేల్చడం మా పని.

ఆ గదిలోకి హోదా చూపించి ఎవరూ పోలేరు. గౌనింగ్ అర్హత, అంటే రక్షణ దుస్తులు క్రిములు అంటకుండా తొడుక్కోగలనని నిరూపించుకున్న అర్హత, ఉండాలి. తలకు హుడ్ తొడుక్కుని, మాస్కు తాళ్లు వెనక కట్టుకుని, కవరాల్ అనే ఒళ్లంతా కప్పే సూటును, దాని కాళ్లూ చేతులూ నేలకు తగలకుండా పట్టుకుని తొడుక్కోవాలి. తర్వాత జెల్లీలాంటి పోషకం నింపిన చిన్న ప్లేట్లను చేతులకూ, ఛాతీకీ, తలకూ అద్ది కొన్ని రోజులు వెచ్చగా ఉంచుతారు. సూక్ష్మజీవులు పరిమితికి మించి పెరిగితే తప్పినట్టే. వరుసగా మూడుసార్లు నెగ్గితేనే లోపలికి అనుమతి. సుదీర్ఘంగా సెలవు పెట్టినవాళ్లు మళ్లీ మొదటి నుంచి నెగ్గాలి.

ఆ రోజుల్లోనే షుగర్ సరిహద్దులో ఉందని డాక్టరు హెచ్చరించడంతో, ఉప్పల్‌లో మా ఇంటి దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపు పైన ఉన్న జిమ్‌లో పొద్దున ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరాను. నేర్పేది సంధ్య. జనగామ వైపు అమ్మాయి, ఒకప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో ఆడింది. నా పక్కన బరువులెత్తేది యాదమ్మ, సిటీ బస్సులో కండక్టరు. మొదట్లో నేను వాళ్లకు మేడమ్‌నే. వ్యాయామం చేసి, నమస్కారం పెట్టి వచ్చేసేదాన్ని.

ఆ ఏడాది చివర్లో ఫ్యాక్టరీలో బట్టలు మార్చుకుంటుండగా ఎడమ రొమ్ములో గట్టిగా ఏదో చేతికి తగిలింది. పరీక్షలన్నీ అయ్యాక క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్, ఆ తర్వాత కీమో, రేడియేషన్. చంకలోని గ్రంథులు కూడా తీసేయాలన్నారు. ఆఫీసులో సెలవు పెట్టాను. సంధ్యకు మాత్రం కారణం చెప్పకుండా ఇక రానని ఒక మెసేజ్ పంపాను.

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చిన కొన్ని రోజులకు సంధ్యా, యాదమ్మా తలుపు తట్టారు. మా వీధి మందుల షాపులో ఎవరో చెప్పారట. పరామర్శ మాటలు వినే ఓపిక నాకు లేదు. ఆ సంగతి మొహం మీదే చెప్పాను.

"పరామర్శకు ఎవలొచ్చిన్రు?" అంది యాదమ్మ. "బ్యాచ్‌ల నీ జాగ ఖాళీగున్నది, ఎప్పుడొస్తవో అడుగుదామని వచ్చినం."

సంధ్య నా ఎడమ చెయ్యి చూపించమంది. భుజం ఎత్తు దాకా కూడా లేవలేదు. చంకలోంచి మోచేతి దాకా తాడు బిగించినట్టు లాగుతోంది. "డాక్టరమ్మ ఏం చెయ్యమన్నదో గదే చేద్దాం మేడమ్, ఎక్కువొద్దు, తక్కువొద్దు" అంది. మర్నాడు మా వారిని వెంటబెట్టుకుని దవాఖానాకు పోయి, ఫిజియోథెరపిస్టును కలిసి ఏ కసరత్తు ఎప్పుడు మొదలుపెట్టాలో అడిగి వచ్చింది.

కీమోతో తెల్ల రక్తకణాలు పడిపోతాయి. చిన్న జలుబు కూడా ప్రాణం మీదికి రావచ్చు. మూసిన గదిలో మనిషి నుంచి మనిషికి ఏమేం అంటుకుంటాయో నా వృత్తే నేర్పింది కాబట్టి, జిమ్‌కు రాలేనని తేల్చి చెప్పాను. సంధ్య వాదించలేదు. మా కాలనీ పార్కులో, వాకింగ్‌కు జనం రాకముందే బ్యాచ్ మొదలుపెట్టింది. ఎవరికి దగ్గున్నా, ఇంట్లో పిల్లలకు జ్వరమున్నా ఆ రోజు రావద్దని వాళ్లే కట్టడి పెట్టుకున్నారు. రోజంతా కిక్కిరిసిన బస్సులో నిలబడే యాదమ్మ మాస్కు తియ్యకుండా, పార్కులో ఆ చివర నిలబడి చేసేది. అక్కడి నుంచే నా మీద కేకలేసేది.

అన్ని రోజులూ పోగలిగానని కాదు. కీమో ఎక్కించాక కొన్ని రోజులు మంచం దిగలేకపోయేదాన్ని, నోరంతా పుండ్లు. ఒక పొద్దున జుట్టు దిండు మీదే ఉండిపోయింది. అద్దం చూసుకుని, ఈ ఉద్యోగం, ఈ కసరత్తు ఎవరి కోసమని మా వారి ముందు ఏడ్చాను. ఆ వారం బయటికి రాలేదు. సంధ్య ఫోన్ చేసి, "నడవొద్దు, చెయ్యి లేపొద్దు. గేటు కాడ కుర్చీల కూసోండ్రి, సాలు" అంది. కూర్చున్నాను. బ్యాచ్ మొత్తం మా గేటు ముందు రోడ్డు మీద గుంజీలు తీసింది. చివర్లో నేనూ చెయ్యి గోడకు ఆనించి వేళ్లతో పైకి పాకించాను. ముందు వారం ఎక్కడిదాకా పోయిందో అక్కడిదాకా పోలేదు. అయినా ఎవరూ పోయిందని అబద్ధం చెప్పలేదు. అది నాకు నచ్చింది.

రేడియేషన్ కూడా ముగిసి డ్యూటీలో చేరిన రోజున ప్లాంట్ హెడ్ పిలిచి, స్టెరైల్ ఏరియాలోకి పోనక్కర్లేని, రికార్డులు చూసి సంతకం పెట్టే డాక్యుమెంటేషన్‌కు మారమన్నారు. జీతం, హోదా అవే. ఆయన మంచికే చెప్పారు, అందులో తప్పేమీ లేదు. కాని లోపలికి పోలేని మేనేజరు లోపల జరిగేదాని మీద సంతకం పెట్టడం నాకు సమ్మతం కాలేదు. మళ్లీ అర్హత సాధించడానికి కొంత గడువు అడిగాను, ఇచ్చారు.

చిక్కల్లా ఎడమ చెయ్యే. మాస్కు తాళ్లు తల వెనక కట్టుకోవడానికీ, కవరాల్ చేతిలోకి భుజం వెనక్కి తిప్పి దూరడానికీ అది పైకి లేవాలి, కొంతసేపు అక్కడే నిలవాలి. తెల్ల రక్తకణాలు కోలుకోవడంతో అప్పటికి మళ్లీ జిమ్‌కు పోతున్నాను. అనుమతి తీసుకుని, శిక్షణలో వాడి పక్కన పడేసిన ఒక కవరాల్‌ను జిమ్‌కు పట్టుకెళ్లాను. తేలికపాటి రబ్బరు పట్టీలతో సంధ్య భుజానికి బలం పెంచింది. ఆ తర్వాత తొడుక్కోవడం సాధన చేసేదాన్ని. చుట్టూ నిలబడి చూసేవాళ్లకు నియమాలన్నీ వచ్చేశాయి.

"కాలు నేలకు తాకింది! తియ్యి, మళ్ల తొడుగు" అనేది యాదమ్మ. "నా బస్సుల టికెట్ లేనోన్ని ఇడుస్తనా? నిన్నెట్ల ఇడుస్త?"

మొదటి రెండు పరీక్షలు నెగ్గాను. మూడోది తప్పాను. ఎవరి ప్లేట్లు వాళ్లే చదవకూడదన్నది నియమం, నావి మా జూనియర్ కిరణ్ చదివాడు. ఎడమ ముంజేతి ప్లేటు మీద పరిమితికి మించి పెరిగాయి. అలసిపోయి చెయ్యి దించినప్పుడు బెంచీకి తగిలి ఉంటుంది. అతను ఆ మాట చెప్పలేక, "ప్లేటు అద్దడంలోనే తేడా జరిగిందేమో మేడమ్, ఇంకోసారి చేద్దామా?" అన్నాడు. చూసింది చూసినట్టు రాయమన్నాను. వరుస తెగింది కాబట్టి మూడూ మళ్లీ మొదటి నుంచి.

మర్నాడు పొద్దున జిమ్‌లో సంగతి చెప్పాను. సంధ్య, "అలసిపోయినంక తప్పు జరిగింది గదా. గట్లయితే అలసిపోయినంకనే సాధన చేద్దాం" అని, ఆ రోజు నుంచి కవరాల్‌ను బరువుల తర్వాతికి మార్చింది. ఆ మార్పే పనిచేసింది. రెండో విడతలో మూడూ నెగ్గాను. లోపలికి పోయిన రోజున గాలి పరీక్ష నేనే స్వయంగా చేశాను. రిటైరయ్యేదాకా ఆ పనిలోనే ఉన్నాను. ఇప్పటికీ చెకప్‌లకు పోతున్నాను.

జబ్బును మనోధైర్యంతో గెలిచానని నేను చెప్పను. గెలిపించింది వైద్యం. కాని వైద్యం ముగిశాక మిగిలిన శరీరంతో పనిలోకి తిరిగి రావడం ఇంకో పని. దానికీ పద్ధతి ఉండాలి, తప్పును తప్పని చెప్పి పక్కన నిలబడే మనుషులు ఉండాలి. మా విభాగంలో జబ్బు చేసి తిరిగొచ్చినవాళ్లను వెంటనే పరీక్షకు పిలవడం ఆనవాయితీగా ఉండేది. రిటైరయ్యే ముందు దాన్ని మార్పించాను. ఇప్పుడు వాళ్లకు ముందు సాధనకు సమయమిస్తారు, తోడుగా ఒక సహోద్యోగిని వేస్తారు. పరీక్షలో మాత్రం సడలింపు ఏమీ లేదు.