కామాఠీ తర్వాత కామా

ఎనభైల చివర్లో బొంబాయిలో, గదికో కుటుంబముండే మా చాల్‌ పక్కనున్న తెలుగు బడిలో ఒకటో తరగతి నిలవాలంటే ముప్పైమంది పిల్లలు కావాలన్నారు. లేకపోతే వాళ్లను మరాఠీ తరగతిలో కలిపేస్తారు. బడి టీచరమ్మ మా గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగి, ఏ భాషవాళ్లని చూడకుండా బడి ఈడు పిల్లలందరి ఫారాలూ నింపించుకొచ్చింది. మొత్తం నూట నలభై. వాటిలో తెలుగు పిల్లలెందరో సోమవారానికల్లా వార్డు గుమాస్తాకు చూపించాలి.

నేనప్పుడు ఒక ఇంజినీరింగ్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. శనివారం మధ్యాహ్నం అక్కడి కంప్యూటర్‌ వాడుకోవడానికి అనుమతి తీసుకుని, టీచరమ్మను వెంటబెట్టుకెళ్లాను. తొందరలో ఒక తప్పు చేశాను. పట్టికలో వయసు, భాష, చిరునామా వేర్వేరు గళ్లలో పెట్టాల్సింది పోయి, మధ్యలో కామాలు పెడుతూ ఒక్కో ఫారాన్ని ఒక్కో గడిలోకే ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాను. పక్క వరుసలో ఒక సూత్రం రాశాను: అడిగిన మాట గడిలో ఎక్కడున్నా ఒకటి, లేకపోతే సున్నా. అడుగున మొత్తం.

‘తెలుగు’ అని అడిగితే పంతొమ్మిది వచ్చింది. కొందరు తెల్గు అనీ, తెలగు అనీ రాశారు. మొదటి మూడు ఇంగ్లీషు అక్షరాలతోనే వెతికిస్తే ఇరవై నాలుగయింది. అంతకు మించి కదల్లేదు.

టీచరమ్మ నీరసంగా చాల్‌కు తిరిగొచ్చింది. వెనకే నేను. వరండాలో బియ్యం ఏరుతున్న పక్కగది అవ్వ తలెత్తింది.

“ఏమైంది పోరీ, మొకం గట్ల పెట్టినవ్?”

“ఇర్వై నాలుగే అయిన్రు అవ్వా. ఇంక ఆరుగురు తక్కువ.”

“నా మన్మరాలిని లెక్కల పట్టిన్రా?”

“నీ ఫారంల తెలుగని లేదు గద అవ్వా,” అన్నాను.

“తెలుగని ఎందుకు రాపిస్త? మనది కామాఠీ బాస. ఈ బంబైల మనల్ని తెలుగోళ్లని ఎవడన్న పిలిచిండా? నువ్వు సదువుకున్నోనివి, గిది తెల్వదా?”

నిజమే. కట్టుబడి కూలికి వలసొచ్చిన మా తెలుగువాళ్లను ఊరంతా కామాఠీలనే పిలిచేది. ఆ పేరే పాతవాళ్ల నోట భాషకూ పేరయింది.

ఆదివారం వాచ్‌మన్‌ను బతిమాలి, టీచరమ్మతో మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. ‘కామాఠీ’ అని అడిగాను. నూట ముప్పై ఆరు!

“అర్రె! పఠాన్ భాయి పిల్లలు సుత తెలుగోళ్లేనా తమ్మీ? ఇగ నాలుగు తుకడీలు పెట్టొచ్చు!” అని టీచరమ్మ చప్పట్లు కొట్టింది. తుకడీ అంటే మరాఠీలో తరగతి విభాగం.

నేను మిగిలిన నాలుగు ఫారాలు తీసి చూశాను. నాలుగూ పక్క పేట నాగ్‌పాడావి. మిగతా ప్రతి గడి చివరా చిరునామాలో మా పేట పేరు ‘కామాఠీపురా’ ఉంది. యంత్రం నేనడిగినదానికే సమాధానం చెప్పింది. ప్రశ్నలోనే తప్పుంది.

భాష పేరు తర్వాత ఎప్పుడూ కామా ఉంటుంది. పేట పేరులో అక్కడ ‘పురా’ ఉంటుంది. కాబట్టి ఈసారి ‘కామాఠీ’ని కామాతో కలిపి అడిగాను. ఎనిమిది. ముందటి ఇరవై నాలుగుతో ముప్పై రెండు. సరిచూస్తే ఒక తండ్రి ‘కామాఠీ, అంటే తెలుగు’ అని రాసి రెండు లెక్కల్లోనూ పడ్డాడు. ఒకటి తీసేశాను. ముప్పై ఒకటి.

“గా ఒక్కటి ఉండనియ్యరాదు తమ్మీ?” అంది టీచరమ్మ.

“ముప్పై ఒకటి చాలక్కా.”

సోమవారం గుమాస్తా కామాఠీ అని మాత్రమే ఉన్న ఏడు పేర్ల దగ్గర వేలు ఆపి, కామాఠీ అనే భాష తన జాబితాలో లేదన్నాడు. టీచరమ్మ వెళ్లి అవ్వను తీసుకొచ్చింది. మీరు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అతను మరాఠీలో అడిగాడు.

“మీ ఆఫీసులు కట్టినప్పుడు మా మామ తట్టలు మోసిండు. ఆయన మాట్లాడింది ఏ బాసనో నీకు తెల్వదా? నా మన్మరాలిని లెక్కల కెల్లి తీస్తవా? తియ్యి, సూస్త!” అని అవ్వ బల్ల మీద చెయ్యి చరిచింది.

గుమాస్తాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ జోరు వినగానే అది తెలుగేనని పోల్చుకుని, విప్పారిన ముఖంతో కలం తీసి, ఏడు చోట్లా కామాఠీ పక్కన ‘తెలుగు’ అని తనే రాశాడు.