కుడివైపు ఖాళీ

ఎర్రనీలం పెన్సిల్ చెక్కిన వాసన ఈ వయసులోనూ నన్ను చిన్నప్పటి మా మెట్టుగూడకు లాక్కుపోతుంది. మన దేశం అణుబాంబు ఎలా తయారుచేసుకుందో రాయడానికే నా ఉద్యోగజీవితమంతా సరిపోయింది. ఆ పనికి నాకు ఓనమాలు దిద్దించింది మాత్రం పక్కింటి కరీం చాచా, రైల్వేలో గుమాస్తా.

పోలీస్ యాక్షన్ రోజుల్లో ఆయన రోజూ జరిగినవన్నీ ఒక నోటుబుక్కులో రాసేవారు. పేజీ మధ్య ఎర్రనీలం పెన్సిల్‌తో నీలం గీత. కళ్లతో చూసింది కుడివైపు, చెవిన పడింది ఎడమవైపు. ఉర్దూ కుడి నుంచి మొదలవుతుంది కాబట్టి చూసిందే ముందు వచ్చేది. నాకప్పుడు పదేళ్లు, ఆయన దగ్గరే ఉర్దూ నేర్చుకుంటున్నాను. అల్వాల్ దాకా ట్యాంకులు వచ్చాయని ఒకరోజు గొప్పగా కుడివైపు రాసేశాను. చూశావా అని అడిగారు. పాలామె చెప్పిందన్నాను. ఆయన కోప్పడలేదు. నాచేతే కొట్టేయించారు.

"చూసినోళ్లు దొరికేదాంక ఎడమ దిక్కే ఉండనీ బిడ్డా" అన్నారు.

పెళ్లికని పల్లెకు వెళ్లిన ఆయన తమ్ముడు ఆ వారం తిరిగి రాలేదు. చంపేశారని అటునుంచి వచ్చినవాళ్లు చెప్పారు. చూశామని ఒక్కరూ అనలేదు. చాచా ఆ మాట తమ్ముడి పేరుతో ఎడమవైపే రాశారు. రాతలోనైనా ఒక మాట తేల్చరాదా అని చాచీ ఏడ్చింది.

"దువా చేద్దాం, నేను సుత ఏడుస్త. కితాబుల మాత్రం తెల్వనిది తెల్సినట్టు రాయ."

పెద్దయ్యాక అణుబాంబు మీద నేను రాసిన పుస్తకానికి ప్రాణంలాంటి అధ్యాయం ఒకటుంది. బాంబును పరీక్షించాలని ఒక గదిలో నిర్ణయం జరిగిన రోజు అది. రిటైరైన అధికారి ఒకాయన దాన్ని కళ్లకు కట్టినట్టు చెప్పారు. మీరు ఆ గదిలో ఉన్నారా అంటే, లేనన్నారు. పుస్తకం రాయిస్తున్న పెద్దలు మాత్రం జరిగినట్టే రాయమన్నారు, కాదంటే పని ఇంకొకరికి ఇస్తామన్నారు. నాకు ఒళ్లు మండింది. ఇచ్చుకోండని కాగితాలు సర్దుకుని వచ్చేశాను. ఆ గదిలో ఉన్నవాళ్ల కోసం ఏళ్లతరబడి తిరిగాను. కొందరు తలుపు తీయలేదు, కొందరు పోయారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

చాచా పోయాక చాచీ ఆ నోటుబుక్కు నాకిచ్చింది. కాగితం దొరకని రోజుల్లో అట్టల లోపలివైపు కూడా ఇరుకిరుకుగా నింపేశారు. తమ్ముడి పేరుకు ఎదురుగా కుడివైపున్న చోటు మాత్రం దేనికీ వాడుకోలేదు.

నా పుస్తకం చివరికి వేరేచోట అచ్చయింది. ఆ అధ్యాయమంతా ఎడమ పేజీల్లోనే ఉంది, కుడి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ప్రెస్సువాళ్లు పొరపాటేమోనని ఫోన్ చేశారు. అలాగే ఉంచమన్నాను.