గంజి పెట్టిన జడ

జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందని సామెత చెప్పిన మహానుభావుడెవరో గానీ, ఆయన నా జుట్టు చూడలేదు. కర్నూలు రాజధాని అయిందని పెద్దవాళ్ళు అరుగుల మీద గొప్పగా చెప్పుకునే ఆ రోజుల్లో, మా ఎమ్మిగనూరులో ఆడపిల్ల తల అంటే ఎలా ఉండాలో అందరికీ ఒకటే లెక్క. ఆముదం కారుతూ ఉండాలి, మధ్యన పాపిడి గీత గీసినట్టుండాలి, వెనక జడ నడుం దాకా వేలాడాలి. నాదేమో పుట్టడమే ఉంగరాలు ఉంగరాలుగా, ఒక్కో వెంట్రుకా ఒక్కో పంతంతో పుట్టింది. నూనె ఎంత పెట్టినా తాగేసి ఇంకా తెమ్మనేది. సీకాయతో తలంటిన ఆదివారం నాడైతే గుమ్మంలోంచి నాకంటే ముందు నా జుట్టే బయటికి వచ్చేది. వీధిలో నా పేరు ‘గొర్రెపిల్ల’. (బడిలో హాజరు పిలిచేటప్పుడు తప్ప నా అసలు పేరు నా చెవిన పడిందే తక్కువ.) అమ్మ నన్ను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని దువ్వేది. "మ్మే, కదలద్దు, మొట్టుతా సూడు" అని ఆమె, "ఓయమ్మో, సంపుతాండాది" అని నేను. చివరికి దువ్వెన పన్ను ఒకటి టప్పుమని విరిగేది. అన్ని పళ్ళూ ఉన్న దువ్వెన మా ఇంట్లో నేనెన్నడూ చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఈ జుట్టు మూలంగా పన్నెండో ఏట నా బతుకు ఎటు కొట్టుకుపోబోయిందో చెప్తాను. నవ్వగలిగిన చోట మీరూ నవ్వండి.

మా నాయనది మగ్గం. తెల్లవారగానే వీధి పొడుగునా పడుగు సాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వేవాడు. అన్ని వందల పోగులు, ఒకదానికొకటి అంటుకోకుండా ఎండకు ఆరి నున్నగా మెరిసేవి. నాకు తోటిపిల్లల జడల కన్నా ఆ పడుగును చూస్తేనే కుళ్ళు. ఆ ఏడు మా బడికి ప్రతి శనివారం ఆదోని నుంచి బస్సులో ఒక డ్యాన్సు అయ్యవారు వచ్చేవారు. నెల తిరిగేసరికి ఆదోనిలో పెద్ద కార్యక్రమం ఉందనీ, మా బడి తరఫున వాన పాటకు ఆడాలనీ చెప్పి పిల్లల్ని ఏరారు. కాలు వేయడంలో, తాళం తప్పకపోవడంలో నాకు సాటి లేరు. (ఇది గొప్ప కాదు. మగ్గం చప్పుడు వింటూ పెరిగినదానికి తాళం ఎక్కడికి పోతుంది?) నడిమధ్యన ఆడే వానకన్య వేషం నాకే ఇచ్చారు. ఇచ్చి, నా నెత్తి వైపు చూసి ఆగిపోయారు.

"పాపా, కాళ్ళు బాగుండాయి. ఈ నెత్తే బాగల్యాదు. అద్దం మాదిరి ఉండాల. నున్నగ దువ్వి నడుం దాకా జడ ఎయ్యాల. జడ ల్యాకపోతే ఆట ల్యాదు. వచ్చే శనివారం సూస్తా, కుదరకపోతే ఇంగో పిల్లను పెట్టుకుంటా" అన్నారు. ఆనాటి నుంచి మేమాయన్ని అద్దం అయ్యోరు అనేవాళ్ళం. (ఆయనకు పూర్తిగా బట్టతల. ఇక అద్దం సంగతి ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?)

నాకు ఆ ఆట కావాలి. అన్నం కావాలన్నంత గట్టిగా కావాలి. గొర్రెపిల్ల అన్న ప్రతి నోరూ మూత పడేలా ఆదోనిలో ఆడి రావాలి. అమ్మ దువ్వీ దువ్వీ చేతులెత్తేసింది. అప్పుడు నాకు పుట్టింది బుద్ధి. పడుగును నున్నగా చేసే గంజి జుట్టును మాత్రం నున్నగా చేయదా? గురువారం పొద్దున నాయన పని ముగించి కాళ్ళు కడుక్కోవడానికి పోయినప్పుడు, కుండలో అడుగున మిగిలిన గంజి చెంబు నిండా ముంచి, మగ్గం వెనక కూర్చుని కుదుళ్ళ దాకా పూసుకుని, నాయన కుంచెతోనే రెండుసార్లు దువ్వుకుని, అమ్మ పాత చీర పేలికతో తల బిగించి కట్టేశాను. మధ్యాహ్నానికి అది చెక్కలా ఆరింది. పేలిక కొంచెం ఎత్తి తడుముకుంటే, నమ్మండి, అద్దమే. ఆ ఒక్క పూట నేను ఎమ్మిగనూరులోకెల్లా అందగత్తెను. సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంది.

తొమ్మిది రోజులు మంచం మీద దొర్లాను. శనివారం రావడమూ తెలియదు, పోవడమూ తెలియదు. తలనొప్పికని కట్టుకుందనుకుని ఆ పేలికను ఎవరూ విప్పలేదు. చెమటకు గంజి నానడం, ఆరడం, మళ్ళీ నానడం. పదో రోజు అమ్మ పేలిక విప్పి, "అయ్యో దేవుడా" అంది. తల వెనక నా జుట్టంతా కలిసి, మొదట పిడికిలంత ముద్దగానూ, కింద మూడు మోకుల్లాగానూ గట్టిపడిపోయింది. అమ్మ దువ్వెన కోసం చెయ్యి చాచింది. అంతలో మా జేజి, అంటే నాయన తల్లి, ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముట్టద్దు! జడ కట్టింది. ఎల్లమ్మ వచ్చింది మనింటికి!"

మా వైపు ఒక నమ్మకం ఉండేది. ఆడపిల్ల తలలో వెంట్రుకలు వాటంతటవే చిక్కుపడి జడ కడితే ఎల్లమ్మ ఆ పిల్లను కోరిందని అర్థం. ఆ జడకు దువ్వెన తగలకూడదు, కత్తి అసలే తగలకూడదు. పసుపు పెట్టి మొక్కి, మంచి రోజు చూసి గుళ్ళో మెడలో ముత్యాలు కట్టి, పిల్లను అమ్మవారికి వదిలేయాలి. అలా వదిలిన పిల్లను బసివి అంటారు. (అప్పటికే అది నేరమని చట్టం వచ్చిందట. ఆ చట్టం మద్రాసు నుంచి నడుచుకుంటూ వస్తున్నట్టుంది, మా వీధికి ఇంకా చేరలేదు.) అయ్యవారు జడ లేకపోతే ఆట లేదన్నారు గదా, ఇదిగో జడ వచ్చింది.

సిగ్గు విడిచి చెప్తున్నాను, మొదటి రెండు రోజులూ నాకు భలే బాగుంది. గొర్రెపిల్ల అన్న ఆడవాళ్ళే వచ్చి నా కాళ్ళకు మొక్కి, చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్ళు. అంట్లు తోమే పని తప్పింది. కొబ్బరి చిప్పలు నాకే. గంజి సంగతి కడుపులో పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మూడో రోజు పొయ్యి దగ్గర అమ్మ ఏడుస్తుంటే, "ఏడుస్తావెందుకు? బసివైతే జాతర్లో ఆడచ్చంట గదా" అన్నాను ఉత్సాహంగా.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నన్ను దగ్గరికి లాక్కుంది. "ఆడతావు పాపా. సచ్చేదాకా ఆడతావు. పెండ్లి ఉండదు. ఎవురు పిలిస్తే వాళ్ళ గడప తొక్కాల, ఎవురూ ఇది నీ ఇల్లనరు. బిడ్డలు పుడితే బడిలో నాయన పేరడుగుతారు, సెప్పేకి పేరుండదు. అదే ఆ ఆట" అంది. నాకు సగమే అర్థమైంది. ఆ సగానికే చేతిలో కొబ్బరి చిప్ప కింద పడిపోయింది.

పరుగెత్తిపోయి జేజి కాళ్ళ మీద పడ్డాను. "జేజీ, ఎల్లమ్మ కాదు, గంజి! నేనే పూసుకున్న్యా!" జేజి రెండు చేతులూ జోడించింది. "సూస్తిరా, అమ్మ పరీచ్చ పెడతాంది. పిల్ల నోట్లో దూరి నేను కాదంటాంది" అంది. నిజం చెప్తే నమ్మకపోవడం అటుంచి, ఆ నిజానికే కొబ్బరికాయ కొట్టారు. పోనీ ఉరుకుంద ఈరన్నకు మొక్కి గుండు కొట్టిద్దామని అమ్మ అంటే, "జడ మీద కత్తి పెడతావా? వంశం ఉంటాదా?" అని జేజి మీదికి లేచింది. జేజి చెడ్డది కాదు, అది చెప్పకపోతే పాపం. నాకు జ్వరమొచ్చిన తొమ్మిది రోజులూ ఆమె కన్ను మూయలేదు. ఇంట్లో మగపిల్లాడు లేడన్నదే ఆమె దిగులు. "బసివి ఇల్లిడిసి పోదు గదప్పా. మొగబిడ్డ మాదిరి ఈన్నే ఉంటాది. నీ మగ్గం ఆరిపోదు" అని నాయనతో అంది.

నాయన తల్లి మాటకు ఎదురు చెప్పి ఎరగడు. వచ్చి నా జడ కొస ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు, నూలు చూసినట్టే. ఆ తర్వాత నా కళ్ళలోకి చూశాడు. "అమ్మా, మనం ఏంటికి తేల్చుకునేది? జోగమ్మను పిలుద్దాం. ఆమె ఎట్ల సెప్తే అట్లనే" అన్నాడు. దానికి జేజి కూడా ఒప్పుకుంది.

జోగమ్మ అంటే ప్రతి మంగళవారం తల మీద అమ్మవారి గంప ఎత్తుకుని మా వీధికి వచ్చే ముసలామె. (ముసలామె అని అప్పుడు అనుకున్నాను. నలభై ఏళ్ళుంటాయేమో.) ఆమె కూడా చిన్నప్పుడు వదిలిన బసివే. పసుపు పూసిన జడలు మూడు ఆమె నడుం దాటి వేలాడేవి. ఆమెను చూస్తే నేను తలుపు వెనక దాక్కునేదాన్ని. ఆ రోజు ఆమె అందర్నీ అరుగు మీద కూర్చోమని, తలుపు దగ్గరికి వేసి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నా తల వాసన చూసింది.

"పాపా, ఏం పూసినావు?"

నేను రెండు చేతులతో నెత్తి కప్పుకున్నాను.

"పొద్దున్నే ఈ వీధిలో తిరిగేదాన్ని, గంజి వాసన నాకు తెలీదా? సెప్పు, కొట్టను" అంది జోగమ్మ.

"ఆడేకి... అద్దం మాదిరి ఉండాలని..." అంటూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమెకు నవ్వాగలేదు. బయటికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరిపడేట్టు నవ్వింది. అలా నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"నాదీ ఉంగరాల జుట్టే, తెల్సా? అచ్చం నీ మాదిరే. నీ కన్నా సిన్నదాన్ని. మాది గోనెగండ్ల పక్క పల్లె. మాయమ్మ పొద్దున కూలికి పోతే పొద్దు మునిగినంక వచ్చేది. దువ్వేవాళ్ళు ల్యాకపాయిరి, ఇంట్లో దువ్వెనా ల్యాకపాయె. జడ కట్టింది. ఎల్లమ్మ వచ్చిందనిరి అందరూ. ఎల్లమ్మా రాలేదు పాపా, మాయమ్మా రాలేదు" అంది.

ఆ మాట అని లేచి, గంప నెత్తిన పెట్టుకుని, తలుపు తన్ని అరుగు మీదికి పోయింది. ఒళ్ళంతా ఊగిపోతూ కేక పెట్టింది. "వచ్చినాను! సూసినాను! ఈ పిల్ల నాకొద్దు! దీని నెత్తిన నూలు వాసన! తండ్రి సేత్తోనే సిక్కు తీపియ్యండి. ఒక్క యెంటిక తెగిందా, ఇల్లు మిగలనియ్యను!" జేజి అక్కడికక్కడే సాష్టాంగపడింది. జోగమ్మ ఊగడం ఆపి, కొంగు సర్దుకుని, చేటెడు జొన్నలు పెట్టించుకుని పోయింది. పోతూ నా వైపు చూడను కూడా లేదు.

నాయన రెండు రోజులు మగ్గం ఎక్కలేదు. గోరువెచ్చని నీళ్ళు, ఆముదం పెట్టుకుని, చిక్కుపడ్డ నూలుకు చేసినట్టే కొసల నుంచి మొదలుపెట్టాడు. నేను అరిస్తే ఆగేవాడు, ఊరుకుంటే తీసేవాడు. "కత్తిరించేస్తే పోతాది గదా నాయనా" అంటే, "తెంపితే ముడి మిగుల్తాది. తీస్తే పోగు మిగుల్తాది. గమ్మునుండు" అన్నాడు. నన్నొక్క మాట తిట్టలేదు. రెండో రోజు సాయంత్రం ఆఖరి చిక్కు వీడాక మాత్రం ఉండబట్టలేకపోయాడు. "గంజి పెట్టినంక ఆరేదాకా దువ్వుతానే ఉండాల మ్మే. నువ్వు రెండు తూర్లు దువ్వి ఇడిసినావు. అతుక్కోక ఏం సేస్తాది? ఇంత కాలం సూసి పని సగమే నేర్సుకున్న్యావు" అన్నాడు. ఆయనకు బాధ కలిగించింది అదీ!

శనివారం అద్దం అయ్యోరు వచ్చి నన్ను చూసి నోరు తెరిచారు. ఆముదం, సీకాయ, రెండు రోజుల తీత కలిసి నా జుట్టు మునుపటికి రెండింతలై నిలబడి ఉంది. "ఏందిది? ఈ నెత్తిని సూస్తేనే వాన పడేట్టుంది. సరే, మబ్బు వేషం నీదే, పో" అన్నారు. అలా ఆదోనిలో నేను వెనక వరసలో మబ్బునై, జుట్టు విరబోసుకుని ఆడాను. ముందర వానకన్య వేషం వేసిన నున్నటి జడ పిల్ల రెండుసార్లు తాళం తప్పింది. (ఇంతకాలమైనా మరిచిపోలేదు, చూశారా నా బుద్ధి!)

ఆ తర్వాతి మంగళవారం జోగమ్మ వస్తే నేను తలుపు వెనక దాక్కోలేదు. ఉరుకుంద తిర్నాలలో నాయన నాకోసం కొన్న కొత్త చెక్క దువ్వెన పట్టుకుని ఎదురు పరుగెత్తాను. "మా నాయన నీకూ తీస్తాడు. నొప్పి ల్యాకుండా తీస్తాడు" అన్నాను.

ఆమె గంప దించి అరుగు మీద కూర్చుంది. "ఇది తీస్తే నాకు కూడెవురు పెడతారు పాపా? ఈ జడకే గదా జొన్నలు పోసేది, నాకా?" అంది. చెయ్యి చాచి, "ఏదీ, ఒక్క తూరి ముట్టుకుంటా" అని నా తలలో వేళ్ళు దూర్చి, ఒక ఉంగరాన్ని పట్టి లాగి వదిలింది. అది చుట్టుకుని వెనక్కి పోయింది. మళ్ళీ లాగింది, మళ్ళీ వదిలింది. చిన్నపిల్ల నవ్వినట్టు నవ్వింది. దువ్వెన మాత్రం వద్దనలేదు. గంపలో అమ్మవారి పక్కన, పసుపు గుడ్డ కింద పెట్టుకుంది.

నాకు పెళ్ళయి, బిడ్డలు పుట్టి, ఆదోనిలో కాపురముండగా ఒకనాడు జోగమ్మ కూతురు వెతుక్కుంటూ వచ్చింది. "మాయమ్మ పోయిందక్కా. ఇది నీకియ్యమనింది" అని ఆ దువ్వెన నా చేతిలో పెట్టింది. చెక్కకు పసుపు పట్టి రంగు మారింది గానీ, పళ్ళు వేలితో ఒక్కొక్కటిగా తడిమి చూశాను. ఒక్కటీ విరగలేదు. గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

ఇప్పటికీ అది నా పెట్టెలోనే ఉంది. మనవరాలు ఎప్పుడైనా బయటికి తీసి, "జేజీ, దీనికి పళ్ళన్నీ ఉండాయే, దువ్వుకోవెందుకు?" అంటుంది. నా తల ఇప్పుడు పూర్తిగా తెల్లమబ్బు, ఉంగరాలు మాత్రం పంతం వదల్లేదు. నా నోట్లో కన్నా ఆ దువ్వెన నోట్లోనే పళ్ళెక్కువని చెప్పి నవ్వించి, మెల్లగా దాని చేతిలోంచి తీసుకుని, మళ్ళీ గుడ్డలో చుట్టి పెడతాను.