చిన్నతాత చుక్క కోసం ఆళ్లగడ్డకు

మా చిన్నతాత బర్మా యుద్ధం నుంచి పారిపోయి వచ్చాడని బంధువుల్లో ఎప్పటినుంచో ఒక మాట. యుద్ధం ముగియకముందే చలిజ్వరంతో ఇల్లు చేరి, ఆ ఏడే కన్నుమూశాడు. ఇక జవాబు చెప్పేదెవరు? ఆళ్లగడ్డలో మా చిన్నవ్వ మొగుడి మీద ఆ నింద వింటూనే ముసలిదైంది. నేను పోయేలోగా నిజమేందో తేల్చప్పా అని నన్ను చాలాసార్లు అడిగింది.

మా నాయన పోయాక ఆయన పెట్టెలో రాజు తలకాయున్న గుండ్రటి పతకం దొరికింది. చిన్నతాత ఇంట్లో ఇచ్చిందని నాయన ఎప్పుడో చెప్పాడు. నంద్యాలలో మా వీధిలో ఉండే రిటైరైన సుబేదారుకు చూపించాను. "ఇది ఆ యుద్ధంలో ఉన్నోళ్లందరికీ ఇచ్చిందేప్పా. బర్మాలో పనిచేసినోనికైతే ఆరు మొనల నక్షత్రం గూడా వస్తాది. పారిపోయినోనికి ఇయ్యరు" అన్నాడు.

అలా ఎనభై మూడు డిసెంబరులో పొద్దున్నే ఏడింటి బస్సెక్కాను. టికెట్టు నాలుగు రూపాయలు. శిరివెళ్లలో వడ్ల మూటలు ఎక్కిస్తూ అరగంట నిలిపేశారు. ఇది బస్సా, లారీనా అని విసుక్కున్నాను. "బేగా పోవాలంటే దిగి నడువన్నా" అన్నాడు కండక్టరు.

బస్టాండు నుంచి చర్చి వీధికి పది నిమిషాల నడక. క్రిస్మస్ పండగ దగ్గరపడింది కదా, చిన్నవ్వ గుమ్మానికి తళుకు కాగితం చుట్టిన చిన్న చుక్క వేలాడుతోంది. అది మొహానికి తగిలితే పక్కకు తోసి లోపలికి వెళ్లాను. చిన్నవ్వ ఉగ్గాని పెట్టి, తాత పతకాలున్నాయా అని నేనడిగితే ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ తీసింది. ఏమీ లేదు.

"వాళ్లనేదే నిజమేమోప్పా" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"తాత పోయినాక పోస్టులో ఏమన్నా వచ్చిందా అవ్వా?"

"యాడిది. మిషను దొరసాని పండగకు ఏటా పార్సిలు పంపేది, అంతే. ఒక యేడు గుండ్రటి బిళ్ల, ఒక చుక్క వచ్చినాయి, అవీ ఆమె పంపిందే అనుకుంటి. బిళ్ల మీ నాయనకు ఆడుకోను ఇస్తి. చుక్క ఆడ కట్టినా చూడు."

గుమ్మం దగ్గరికి పరుగెత్తి, చుక్క విప్పి కాగితం ఒలిచాను. కిరీటం, దాని చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. బర్మా అని చదివాను.

"అంటే పారిపోలేదా?"

"లేదవ్వా."

చిన్నవ్వ చుక్కను కొంగుతో తుడుస్తూ ఏడ్చింది. "ప్రతి యేడూ గుమ్మానికే కట్టినా కదప్పా. ఆ మాటలన్నోళ్లంతా దీని కిందనుంచే వచ్చి పాయసం తాగిపోయినారు" అంది.

నేను మాత్రం? వెతకడానికని వచ్చి, దాన్నే పక్కకు తోసి లోపలికి పోయాను. మీరూ ఇలాంటి పని మీద బయల్దేరితే, పతకాలున్నాయా అని అడక్కండి. మనిషి పోయాక ఇంటికి ఏమొచ్చిందో అడగండి. సాయంత్రం బస్సుకు నేను లేచేసరికి చిన్నవ్వ దాన్ని మళ్లీ గుమ్మానికే కట్టింది. ఈసారి కాగితం చుట్టలేదు.